మర్యాద తెలిసిన మీటరు

చెడిపోయిన మీటరంత మేలు చేసే వస్తువు లోకంలో మరొకటి లేదు! నమ్మరా? అయితే కైకలూరులో కెమిస్ట్రీ లెక్చరరు ప్రసన్నకుమారిగారు ఏం చేశారో వినండి.

ఆవిడ కొత్తగా చేరిన కాలేజీ ల్యాబులో ఒక పీహెచ్ మీటరు ఉండేది. నీళ్లలో ఆమ్లం ఎక్కువో క్షారం ఎక్కువో చెప్పడం దాని ఉద్యోగం. నిమ్మరసంలో ముంచినా ఏడే, సబ్బునీళ్లలో ముంచినా ఏడే! ఏడంటే అటూ ఇటూ కాని మధ్యస్థం. ఎంత సమదృష్టి! ప్రాక్టికల్స్‌లో పిల్లలందరికీ ఒకటే జవాబు, అందరూ పాసే. చేపల రైతులు సీసాల్లో చెరువునీళ్లు తెచ్చి, ఏడు చూసుకుని, నవ్వుతూ వెళ్లేవారు. సైన్సు ఇంతమందిని సంతోషపెట్టడం మీరెక్కడైనా చూశారా?

ప్రసన్నకుమారిగారికి ఈ సుఖం గిట్టలేదు. మీటరు కొసనున్న గాజుబుడ్డి చిట్లిందని కనిపెట్టి, కొత్తది తెప్పించి, విలువ ముందే తెలిసిన ద్రావణాల్లో ముంచి సరిచేశారు. ఊరి ప్రశాంతత ఆ రోజుతో సరి!

మొదట దెబ్బతిన్నది పక్క ఊరి చేపల రైతు నరసింహమూర్తిగారు. ఆయన చెరువునీళ్లకి తొమ్మిదిన్నర దాటింది.

"క్షారం బాగా ఎక్కువైందండీ. చెరువులో కోళ్లపెంట ఎరువు వేయడం ఆపి, కొత్తనీళ్లు పెట్టండి" అన్నారావిడ.

"మొన్నటిదాకా బాగానే ఉన్నాయి కదండీ! మీరు మీటరు బాగుచేశాకే నా నీళ్లు చెడ్డాయి" అని నొచ్చుకుని వెళ్లిపోయారాయన.

ఆ మాటలో తప్పేముంది? థర్మామీటరు ఇంట్లో లేని రోజుల్లో ఎవరికైనా నూటమూడు జ్వరం వచ్చిందా?

వారం తిరక్కుండానే ఓ మధ్యాహ్నం చేపలు నీటిపైకి తేలి నోళ్లు తెరిచాయి. నరసింహమూర్తిగారు ఫోన్ చేశారు. ప్రసన్నకుమారిగారు మీటరు సంచిలో పెట్టుకుని స్కూటీ మీద వచ్చేశారు. ఒకపక్క చెరువునీళ్లు బయటికి తోడించి, మరోపక్క కాలువనీళ్లు పెట్టించి, గట్టు మీదే కూర్చుని మాటిమాటికీ మీటరు ముంచి చూశారు. అంకె మెల్లగా దిగింది. కొన్ని చేపలు పోయాయి. చాలావరకు బతికాయి.

నరసింహమూర్తిగారు తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నారు. "మీరు, మీ మీటరు నా కొంప నిలబెట్టారండీ. ఆ రోజు అలా అన్నందుకు ఏమీ అనుకోకండి."

"అదేం లేదండీ. ఎలాగూ వచ్చాను కదా, మీ ఊరి మంచినీళ్ల చెరువు కూడా చూసి వెళతాను."

ఆయన చప్పున లేచి నిలబడ్డారు. "అదొద్దు మేడమ్‌గారూ! చేపలకైతే నీళ్లు మారుస్తాం. ఊరంతా తాగే నీళ్లు బాగాలేవని తెలిస్తే ఏం చేస్తామండీ? ఎవరిని అడుగుతాం?"

ఆవిడ ఖాళీ సీసా కడుక్కుని, స్కూటీ స్టార్ట్ చేసి మంచినీళ్ల చెరువు వైపు తిప్పారు.

వెనక నుంచి నరసింహమూర్తిగారు కేకేశారు. "మేడమ్‌గారూ! బాగుంటేనే ఫోన్ చెయ్యండేం!"