హార్మోన్ల కోసం అన్నం మానేశాను

మా ఇంట్లో నాకు అన్నం తీసేశారు. ఇది ఆరోపణ కాదు, జరిగిన పని. తెనాలి చుట్టూ ఎటు చూసినా వరిచేలే. నా కంచంలో మాత్రం నానబెట్టిన పెసలు.

మనిషికి ఇంతకన్నా మేలు ఇంకొకటి జరగదని నిరూపిస్తాను!

పక్కింటి సీతారామాంజనేయులు రిటైరైన సైన్సు మాస్టారు. బాపట్లలో ఎవరో డాక్టరు ఉపన్యాసం విని వచ్చాడు. వచ్చి ఊరుకున్నాడా? మా కోడలు లలితకు పాఠం చెప్పాడు. అన్నం తిని నడిస్తే ఇన్సులిన్ లేస్తుందట. అది లేచి కూర్చుంటే కొవ్వును కరగనివ్వదట. అన్నం మానేసి నడిస్తే ఇన్సులిన్ పడుకుంటుందట. అడ్రినలిన్, కార్టిసాల్ లేస్తాయట.

నా కడుపులో ఎవరు లేవాలో, ఎవరు పడుకోవాలో ఈయన నిర్ణయిస్తాడు!

"బావగారూ, మీ ఒంట్లో కొవ్వంతా కరిగిపోద్దండి," అన్నాడు.

"నా ఒంట్లో ఎముకలు తప్ప ఏమున్నాయయ్యా కరగడానికి? నీ బొజ్జ చూసుకో ముందు!"

"చూశారా, కార్టిసాల్ అప్పుడే లేచింది!" అని చంకలు గుద్దుకున్నాడు.

ఆలోచించండి. ఇదివరకు ఒకరిని తిట్టాలంటే కారణం వెతుక్కోవాల్సి వచ్చేది. ఎంత శ్రమ! ఇప్పుడు పెసలు నమిలి కాలవగట్టున కాస్త నడిస్తే చాలు, కోపం తయారు. నిన్న బాతులను తిట్టాను. వాటి తప్పేమీ లేదు. నన్ను దాటిపోయిందని రేపల్లె ప్యాసింజరును తిట్టాను. గార్డు పచ్చజెండా ఊపాడు. దీవెన అనుకున్నాను.

చూపు కూడా పెరిగింది. దుగ్గిరాల మార్కెట్ యార్డులో పసుపు రాశి ఇన్నేళ్లూ పసుపులాగే కనపడేది. ఇప్పుడు పప్పన్నంలా కనపడుతోంది. ఆ రాశి ముందు చాలాసేపు నిలబడ్డాను. కాపలావాడు అనుమానంగా చూశాడు. చేతిలో నెయ్యి లేక వచ్చేశాను.

ఇక వేగం! ఏ వీధిలో కుక్కరు కూసినా నా కాళ్లు అటే పరుగు తీస్తాయి. అన్నం తిన్నవాడు ఇంత వ్యాయామం చేయగలడా?

మొన్న తనూ అన్నం మానేసి నడుస్తున్న సీతారామాంజనేయులే కాలవగట్టున కళ్లు తిరిగి కూలబడ్డాడు. సైన్సు వెంటనే మారిపోయింది.

"అమ్మాయ్ లలితా, నడిచేవాళ్లకి కాస్త అన్నం ఉండాలమ్మా. కండకి అదే బలం. మీ మావయ్యగారికి పెట్టు," అని గుమ్మంలోంచే చెప్పి పోయాడు.

లలిత అన్నం గిన్నె తెచ్చింది. ఆవిరికి నా కళ్లద్దాలు మసకబారాయి.

"పెట్టమంటారా మావయ్యగారూ?"

అడగ్గానే ఊఁ అనడం మర్యాదా? మన వైపు ఎవరైనా అంటారా?

"ఇప్పుడెందుకులేమ్మా," అన్నాను.

"సరేనండి," అంది. గిన్నె లోపలికి వెళ్లిపోయింది.

లలిత తప్పేమీ లేదు. చెప్పిన మాట వినే కోడలు దొరకడం అదృష్టం!

మా ఆవిడ భ్రమరాంబ ఉన్నన్నాళ్లూ ప్రతిపూటా నేను ఆ మాటే అన్నాను. ఒక్కపూటా ఆవిడ వినిపించుకోలేదు. వద్దంటుండగానే గరిటెడు అన్నం కంచంలో పడేది. ఏ హార్మోను లేచి ఆవిడ చెయ్యి అలా వడ్డించేదో సైన్సు మాస్టారికీ తెలియదు.

ఈ అన్నం ఊసు నేనిక జన్మలో ఎత్తను. మీరూ అడక్కండి.