శ్రమదినాల్లో మాయమైన రిమోట్

“ఈ జిల్లాల నేరం చేసెటోడు ఇద్దరికి భయపడాలె. ఒకరు దేవుడు, ఇంకొకరు నేను. దేవుడన్న క్షమిస్తడు,” అన్నాడు క్రిస్టోఫర్.

ఇప్పటిదాకా అతను పట్టుకున్నది ఒక్క మేకను. అదీ దాని యజమాని చేతిలోంచి. ఖానాపురం హవేలిలో అతన్ని డిటెక్టివ్ అనేవాడు అతనొక్కడే. స్నేహితుడినన్న పాపానికి వెంట తిరిగేవాణ్ణి నేను.

ఆ రోజు మమ్మల్ని పిలిచింది ఎదురింటి సంపూర్ణ. ఈస్టరు ముందు శ్రమదినాలు నలభై రోజులూ ఇంట్లో టీవీ పెట్టకూడదని ఆమె తీర్మానం. టీవీకి లేసుగుడ్డ కప్పి, రిమోట్‌ను బియ్యం డబ్బాలో దాచింది. ఇప్పుడు రిమోట్ లేదు. ఆమె బయటికి వెళ్ళొచ్చినప్పుడల్లా టీవీ వెనకవైపు మాత్రం దోసె పెనంలా కాలుతోంది.

“ఇంకెవరు తీస్తరన్నా? ఇదే!” అని కూతురు అక్సాను ముందుకు తోసింది. “సాయంత్రం ప్రార్థనలోపు ఒప్పుకోకుంటే రేపే హాస్టల్‌ల పడేస్త.”

“నేను తియ్యలే మమ్మీ!” ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్ళు ఉబ్బిపోయాయి.

తండ్రి ఆదాము చర్చిలో సంఘపెద్ద. “టీవీ అంటే సైతాను పెట్టె అన్నా,” అని నిట్టూర్చాడు. క్రిస్టోఫర్ అతన్ని అక్కడికక్కడే నిర్దోషిగా తేల్చేశాడు.

“ముల్లును ముల్లుతోనే తియ్యాలె. రిమోట్‌ను రిమోట్‌తోనే పట్టాలె!” అంటూ కొత్త యూనివర్సల్ రిమోట్ బయటికి తీశాడు. ఏ కంపెనీ టీవీకైనా పనికొస్తుందట. ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంటే అన్ని కంపెనీల కోడ్‌లూ వరసగా పంపుతుంది. టీవీ వెలగగానే వదిలెయ్యాలి.

“టీవీ వెలిగితే దొంగ ఎట్ల దొరుకుతడు?” అన్నాను.

“నువ్ మధ్యల రాకు. ఇది సైన్సు.”

సైన్సును తిరగేసి పట్టుకున్నాడు. కిటికీ అవతల, పక్కింటి నిర్మలాదేవి చూస్తున్న సీరియల్ ఠక్కున ఆగిపోయింది.

“ఎవడ్రా అది? అత్త విషం గ్లాసు ఎత్తింది, తాగిందో లేదో చూడనియ్యరా?”

“ఈమె దొంగ కాదు,” అన్నాడు క్రిస్టోఫర్. “గింత గొంతున్నోళ్ళు చాటుగ ఏం చెయ్యలేరు.” రిమోట్‌ను ప్యాంటు వెనక జేబులో కుక్కుకున్నాడు.

ప్రార్థన మొదలైంది. అందరం మోకరించాం. భక్తి ముదిరిన క్రిస్టోఫర్ నుదురు చాపకు ఆనించాడు. అతని వెనకే టీవీ. ప్యాంటు బిగుసుకుంది. జేబులో బటన్ నొక్కుకుంది.

“ప్రభువా, మా ఇంట్ల దాగిన పాపాన్ని వెలుగులోకి తే తండ్రీ,” అంది సంపూర్ణ.

లేసుగుడ్డ కింద టీవీ వెలిగింది. క్రికెట్ జనం కేకలతో ఇల్లు అదిరిపోయింది.

ఆదాము కళ్ళు తెరవలేదు. అలవాటుపడిన చెయ్యి మాత్రం కదిలింది. బైబిలు కవరు జిప్పు లాగి, లోపల్నించి రిమోట్ తీసి, టీవీ కట్టేసి, రిమోట్ లోపల పెట్టి, జిప్పు వేసింది.

“ఆమేన్,” అన్నాడు.

సంపూర్ణ కళ్ళు అప్పటికే తెరుచుకున్నాయి.

“సంఘపెద్దగారూ, ఆ జిప్పు మళ్ళొక్కసారి తియ్యుండ్రి,” అంది సంపూర్ణ.

“స్కోర్ ఒక్కటే చూసిన...”

అప్పుడు తల ఎత్తాడు క్రిస్టోఫర్. ఏం జరిగిందో అతను చూడనే లేదు. “ఎవ్వరు కదలొద్దు! అంతా నా ప్లాన్ ప్రకారమే నడుస్తుంది!”

సంపూర్ణ కూతుర్ని దగ్గరికి లాక్కుని కొంగుతో ముఖం తుడిచింది. అక్సా ముక్కు ఎగబీల్చి తండ్రి వంక చూసింది.

“మమ్మీ, డాడీ వయసోళ్ళను ఏ హాస్టల్‌ల తీసుకుంటరు?”