మేడ మీది హెల్మెట్లు

ఆ ఉదయం సేఫ్టీ ఆఫీసరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి కార్మికుల నెత్తిన హెల్మెట్లు తళతళలాడాలి, అంతే. అందుకని ముందురోజే అన్నీ కడిగించి ఫ్యాక్టరీ మేడ మీద ఆరబెట్టించాడు. మేడ మెట్లు యంత్రాల మధ్యనుంచే ఎక్కాలన్న ముక్క ఆయన బుర్రకు తట్టలేదు. అరవడానికే తీరికలేని మనిషికి ఆలోచించే తీరికెక్కడిది?

కార్మికులంతా గేటు ముందు ఉత్తి తలలతో నిలబడ్డారు. గేటుకు తాళం. తాళం ముందు కుర్చీలో గార్డు. గార్డంటే ఎవరో కాదు, సాక్షాత్తూ ఆఫీసరుకు పిల్లనిచ్చిన మామ.

"తాళం తియ్యండి మామయ్యా!"

"హెల్మెట్ ఏది సార్?"

"పైన ఆరుతున్నాయి. వెళ్తేగా తెచ్చేది!"

"హెల్మెట్ లేందే పంపను. నిన్న ఒకణ్ణి వదిలినందుకు పదిమందిలో మీరే నాకు గడ్డి పెట్టారు. 'ఇక్కడ మామా లేడు, అల్లుడూ లేడు, నేనొచ్చినా ఆపాల్సిందే' అన్నారు. ఆపాను."

ఆఫీసరుకు అరికాలిమంట నెత్తికెక్కింది. బైకు హెల్మెట్ తగిలించుకొచ్చాడు.

"అది రోడ్డుకి సార్. ఇక్కడ చెల్లదని మీరేగా బోర్డు రాయించారు!"

పక్క టీకొట్లో బకెట్ లాక్కొచ్చి నెత్తిన బోర్లించుకున్నాడు. కార్మికులు ఈలలు వేశారు. మామ తాళంచెవి జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు.

ఇంతలో యజమాని కారు దిగాడు.

"యంత్రాలు ఆగాయేంటయ్యా? ఇన్‌స్పెక్టరొచ్చేలోగా పని మొదలవకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

"నా కొంప ముంచుతున్నారు మామయ్యా! రోడ్డున పడేది మీ కూతురే!" అని ఆఫీసరు గొంతు చించుకున్నాడు.

మామ ముఖం కందగడ్డయింది. "దాని ఊసెత్తకు! ముందా బకెట్ తియ్యి!"

అప్పుడే ఇన్‌స్పెక్టరు దిగాడు, నెత్తిన సొంత హెల్మెట్‌తో. మామ సెల్యూట్ కొట్టి గేటు తీశాడు.

"లోపలికెళ్ళే అర్హత ఇక్కడ మీ ఒక్కరికే ఉంది సార్. మేడ మీద హెల్మెట్లున్నాయి, కాస్త తెచ్చిపెడుదురూ!"

యజమాని కళ్ళు మూసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు పళ్ళు నూరుతూ మూటలు మోశాడు. ఆఖరి మూట ధడాలున పడేసి గర్జించాడు.

"వీటిని మేడెక్కించిన మహానుభావుడెవడు? ఇవాళే వాడి ఉద్యోగం పీకిస్తా!"

ఆఫీసరు కార్మికుల వెనక్కి నక్కాడు. మామ అల్లుడివైపు కొరకొరా చూసి, ముందుకొచ్చాడు.

"నేనే సార్. ముసలిబుర్ర."

ఇన్‌స్పెక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఇంతమందినీ గేటు దగ్గర ఆపింది?"

"అదీ నేనే."

"అయితే పో, బతికిపోయావు. ఈ ఫ్యాక్టరీలో రూలంటే తెలిసినవాడివి నువ్వొక్కడివే!"

అలా ఉద్యోగం దక్కిన అల్లుడు ఇంటికెళ్ళి భార్య మీద విరుచుకుపడ్డాడు: "రూలు పెట్టింది నేనైతే, మెప్పు మీ నాన్నకా?"