చప్పుడైతే చాలు

ఆ పూట దర్శకుడి పథకం చాలా చిన్నది. ఒక్క షాటు తీసి భోజనానికి ఇంటికొచ్చేయడం. అద్దం ముందు ఊపిరి బిగబట్టి గోధుమరంగు ప్యాంటుకు గుండీ పెట్టుకుంటుంటే, భార్య గుమ్మంలో నిలబడి చూసింది.

"ఆ ప్యాంటు వద్దండీ. ఎప్పుడో కుట్టించింది. అది కూడా మీలాగే ఊపిరి బిగబట్టుకునుంది."

"ఇది నాకు కలిసొచ్చిన ప్యాంటు. అయినా పరిగెత్తేది ఆ పిల్లలు. నేను కుర్చీలోంచి లేస్తానా?"

ఆ మాటలో అబద్ధం లేదు. కదిలే బస్సు వెంట పరిగెత్తడం కన్నా తర్వాతి బస్సు కోసం ఆగడమే మేలనుకునే మనిషి, ఆడపిల్లల పరుగు పందేల మీద సినిమా తీస్తున్నాడు. ఇంకొకరు నవ్వేలోగా ఆ సంగతి తనే చెప్పుకుని నవ్వేసేవాడు. యూనిట్‌లో అతణ్ణి చాటుగా 'వన్‌మోర్‌గారు' అంటారు. ఎంత బాగా వచ్చిన షాటుకైనా "వన్ మోర్" అనడం అతని జబ్బు. అలా పిలుస్తారనీ అతనికి తెలుసు, జబ్బు మాత్రం తగ్గలేదు.

ఆ రోజు తీయాల్సింది చివరి పందెం. హీరోయిన్ గెలిచి గీత దాటగానే, ఎవరు చూస్తున్నారో కూడా మర్చిపోయిన సంతోషం ఆమె ముఖంలో కనబడాలి. ఆ ఒక్క ముఖం కోసమే అతను ఇన్నేళ్ళూ ఈ కథను పట్టుకుని వేలాడాడు. మైదానం మధ్యాహ్నం దాకానే ఇచ్చారు. నిర్మాత స్వయానా భార్యకు అన్న.

"బావా, ఇవాళ ఈ షాటు రాకపోతే పందెం సంగతి మర్చిపో. టీవీలో వార్తలు చదివే అమ్మాయి చేత 'గెలిచింది' అనిపించి శుభం కార్డు వేసేద్దాం" అని చెప్పి, వెళ్ళి గొడుగు కింద కూర్చున్నాడు.

హీరోయిన్‌తో పాటు పరిగెత్తడానికి నిజమైన పరుగుపిల్లలు ఆరుగురిని వాళ్ళ కోచ్ మేడం వెంటబెట్టుకొచ్చింది. అందరూ గీత దగ్గర వంగారు. కెమెరా తిరిగింది. క్లాప్ అసిస్టెంటు పలక ఎత్తి టప్పుమని కొట్టాడు.

అంతే, ఆరుగురూ కాళ్ళకు బుద్ధి చెప్పారు. దర్శకుడు "యాక్షన్" అనడానికి నోరు తెరిచి, మూసేలోగా అవతలి గీత దాటేశారు. హీరోయిన్ మాత్రం బుద్ధిగా వంగే ఉంది.

"అది క్లాపమ్మా! నేనింకా యాక్షన్ అనలేదు!"

"చూశారా సార్, రెప్పపాటులో లేచారు!" కోచ్ మేడం మురిసిపోయింది. "చప్పుడైతే పరుగే. అలా నూరిపోశాను."

"ఆ నూరిపోసింది ఈ పూటకి కాస్త వెనక్కి తీసుకుంటారా?"

"ఎక్కించడానికి ఏళ్ళు పట్టింది. పూటలో దిగుతుందా సార్?"

సరే, క్లాపు చివర్లో కొడదామన్నారు. ఈసారి దర్శకుడు గొంతు చించుకుని "యాక్షన్!" అన్నాడు. హీరోయిన్ ఒక్కతే లేచి పరిగెత్తింది. సగం దూరం పోయి వెనక్కి చూస్తే ఆరుగురూ వంగే ఉన్నారు.

"మాటకి లేవం సార్. గన్ పేలాలి" అంది వాళ్ళలో పొడుగుపిల్ల.

ఇది చూసి కెమెరామన్ తనంతట తనే కెమెరా ఆపేశాడు. దర్శకుడికి ఒళ్ళు మండింది. "నేను కట్ అనేదాకా ఆపొద్దు! ఈ మైదానం కుంగిపోయినా ఆపొద్దు!"

బొమ్మ తుపాకీ తెప్పించారు. అది తుస్సుమంది. దానికి ఎవరూ కదల్లేదు. సరిగ్గా అప్పుడే దర్శకుడి చెంప మీద దోమ వాలింది. అసలే కోపంలో ఉన్నాడేమో, దాన్ని ఛెళ్ళున కొట్టాడు. ఆరుగురూ మళ్ళీ మాయం. చెంప మంట చూసుకోవడంలో అతను "కట్" అనడం మర్చిపోయాడు. తిట్లు తిన్న కెమెరామన్ కెమెరా ఆపలేదు.

పరుగుపిల్లలు రొప్పుతూ తిరిగొచ్చారు. "ఇంక ఒక్కసారే. తర్వాత నా పిల్లల్ని తీసుకుపోతాను" అంది కోచ్ మేడం.

హీరోయిన్‌కి ఏడుపొక్కటే తక్కువ. "పొద్దున్నే లేచి నెలల తరబడి పరుగు నేర్చుకున్నా సార్. ప్రతిసారీ నన్ను వేరుచేసి ఆటలోంచి తోసేసినట్టుంది. ఈసారి ఏ చప్పుడైనా సరే, నేనూ ఆగను!"

"అయ్యో, ఆగడమేనమ్మా కావాల్సింది! ఏ చప్పుడైనా కదలకుండా ఎలా ఉండాలో నేను చూపిస్తా. అందరూ నాతో పాటు వంగండి."

హీరోయిన్ పక్కన ఖాళీగా ఉన్న లేన్‌లో నిలబడి, చేతులు నేలకానించి, నడుము పైకెత్తాడు.

ప్యాంటు ఫట్టుమంది.

పక్కనే ఉన్న హీరోయిన్ అందరికన్నా ముందు లేచింది. ఆరుగురూ ఆమె వెంట పడ్డారు. అప్పటికే వాళ్ళ పిక్కబలం సగం ఖర్చయిపోయింది. ఈమె తాజాగా ఉంది, పైగా కసి మీదుంది. అందరికన్నా ముందు గీత దాటింది. దాటి, నమ్మలేక, రెండు చేతులూ చెంపలకు ఆనించుకుని, నవ్వుతున్నదో ఏడుస్తున్నదో తెలియకుండా నిలబడిపోయింది.

"సార్! వచ్చేసింది సార్!" కెమెరామన్ అరిచాడు.

దర్శకుడు దూరం నుంచే ఆ ముఖం చూశాడు. ఇన్నేళ్ళూ తను కలగన్నది అదే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామంటే చేతులు రెండూ వెనక పనిలో ఉన్నాయి.

"ఏం బావా, వన్ మోరా?" అన్నాడు నిర్మాత.

"వద్దు బావా" అన్నాడు, జీవితంలో మొదటిసారి. "ఆ గొడుగు మాత్రం ఇలా ఇవ్వు."

ట్రాక్ ప్యాంటుతో ఇల్లు చేరాక, పాత ప్యాంటేదని భార్య అడిగితే కాస్ట్యూమ్స్ వాళ్ళకి ఇచ్చేశానన్నాడు. ఆ తర్వాత స్టూడియోలో పందేనికి తుపాకీ శబ్దం కలపబోతే, సౌండ్ ఇంజనీరు "అక్కర్లేదు సార్, ఉన్నదే నిండుగా వచ్చింది" అన్నాడు.

విడుదలరోజు చివరి పందెం వచ్చింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఫట్! పిల్లలు దూసుకుపోయారు. హీరోయిన్ ముఖం తెరనిండా వెలిగేసరికి జనం లేచి చప్పట్లు కొట్టారు. అవతలి సీట్లో బావ ఎందుకో పైకప్పు చూస్తున్నాడు. భార్య కళ్ళొత్తుకుని, దర్శకుడి చెవి దగ్గరకు వంగింది.

"గన్ శబ్దం బాగా కుదిరిందండీ. కొత్తది మాత్రం నడుం దగ్గర రెండంగుళాలు వదులు పెట్టించండి."