ఉత్తమాభిరుచి గలవారి ఖాళీ కుర్చీలు

ఉత్తమాభిరుచి మనిషికి పుట్టుకతో రాదు, మెడలో వేసుకునే పాసుతో వస్తుంది. కరెంటాఫీసు హెడ్డుగుమాస్తా ఈ మహాసత్యాన్ని చిత్రోత్సవం మొదటిరోజే గ్రహించాడు. పాసు మెడలో పడగానే ఆయన నడక నెమ్మదించింది, ప్రతి మాటకూ ముందు ఒక నిట్టూర్పు చేరింది.

ఆయనకు కావలసింది ఒక్కటే. వచ్చే ఏడాదికి సినిమాలు ఎంపిక చేసే కమిటీలో కుర్చీ. అది ఉత్సవాల అధ్యక్షుడి చేతిలో ఉంది. అధ్యక్షుడికి జనం నవ్వే సినిమా అంటే పడదని ప్రతీతి. అందుకని హెడ్డుగుమాస్తా నాలుగు రోజులూ ఆయన వెనక వరసలోనే కూర్చున్నాడు. ఒక సినిమాలో ముసలాయన మూడుంబావు గంటలు చెప్పు వెతుక్కున్నాడు, దొరకలేదు. ఇంకోదాంట్లో వాన పడింది, కథంతా అదే. మధ్యలో ఒకటి రెండు బాగున్నవీ తగిలాయి గానీ, జనం ముందే చప్పట్లు కొట్టేయడంతో ఆయనకు మెచ్చుకునే వీలు లేకపోయింది.

తన ఇంటికే పొరపాటున కన్నం వేసుకున్న దొంగ సినిమా మాత్రం చిన్న హాల్లో భార్యతో చూశాడు. అధ్యక్షుడు కనిపించలేదు కనక పొట్ట పట్టుకుని నవ్వాడు. బయటికొస్తూ, ప్రేక్షకుల బహుమతి కోసం పాసుదారులకు పెట్టిన ఓటుపెట్టెలో ‘నచ్చలేదు’ చీటీ వేశాడు.

“అంతసేపు నవ్వి ఇదేంటండీ?” అంది భార్య.

“నవ్వుమీద పేరుండదు. చీటీమీద పేరు రాయాలి, అది అధ్యక్షుడు చదువుతాడు.”

పాసుదారులందరూ ఇంతే తెలివిగా ఆలోచించడంతో చెప్పు సినిమాకు ప్రేక్షకుల బహుమతి వచ్చింది. నిబంధన ప్రకారం బహుమతి సినిమాను ముగింపురోజున పాసుదారులకు మళ్ళీ చూపించాలి. ఈ ప్రకటన విని అందరూ చప్పట్లు కొట్టారు, కాస్త ఆలస్యంగా. ముగింపురోజున అదే సమయానికి, టిక్కెట్టు కొనుక్కునే జనం అడిగారని, చిన్న హాల్లో దొంగ సినిమా మళ్ళీ వేశారు. భార్య నేరుగా అటే వెళ్ళింది.

పెద్ద హాల్లో ముసలాయన మంచం కింద వెతకడం మొదలుపెట్టాడు. అక్కడ లేదని హెడ్డుగుమాస్తాకు తెలుసు. ప్రాణం విసిగిపోయింది. ఫోనొచ్చినట్టు చెవికి చెయ్యి పెట్టుకుని, వంగి నడుస్తూ బయటపడి, చిన్న హాల్లో చీకట్లో భార్య పక్కన చేరాడు. హాయిగా నవ్వాడు. ముందు వరసలో ఎవరో కుర్చీ బాదుతూ ఆయనకంటే గట్టిగా నవ్వుతున్నారు.

దీపాలు వెలిగాయి. ముందు వరసలో అధ్యక్షుడు కళ్ళు తుడుచుకుంటున్నాడు. చుట్టూ ఎటుచూసినా మెడల్లో పాసులే. పెద్ద హాల్లో ముసలాయన ఒంటరిగా వెతుక్కుంటున్నాడన్నమాట.

“ఇక్కడ సౌండు సరిగా ఉందో లేదో చూద్దామని వచ్చాను,” అన్నాడు అధ్యక్షుడు.

“మా ఆవిడకి తాళాలిద్దామని, సార్.”

“తాళాలు నా దగ్గరే ఉన్నాయి కదండీ,” అంది భార్య.

అధ్యక్షుడు ఆయన్ని ఎగాదిగా చూశాడు. కుర్చీ చేజారినట్టేననుకున్నాడు హెడ్డుగుమాస్తా.

“బహుమతి సినిమా రెండోసారి చూస్తే ఎలా ఉంది?” అన్నాడు అధ్యక్షుడు.

“మొన్నటికంటే కదిలించింది సార్. ముఖ్యంగా ముగింపు.”

గోడ అవతల ఆ సినిమా ఇంకా గంటన్నర ఉంది. అధ్యక్షుడు ఆయన భుజం తట్టాడు. “కమిటీకి మీలాంటివారే కావాలి.”

సాయంత్రం కొత్త కమిటీ తొలి తీర్మానం చేసింది. నవ్వు పుట్టించే చిత్రాలను ఇకపై ఉత్సవంలో ప్రదర్శించరాదు. మొదటి సంతకం హెడ్డుగుమాస్తాదే.

“అయితే అలాంటి సినిమా మళ్ళీ చూడలేమా?” దారిలో భార్య దిగులుగా అడిగింది.

“ఎందుకు చూడలేం? వద్దనాలన్నా ముందు చూడాలి కదా. కమిటీకి అవన్నీ విడిగా వేసి చూపిస్తారు.”

“మరి మాకు?”

“మీకు వాన సినిమాలు వేస్తాం,” అన్నాడాయన నిట్టూర్చి. “జనానికి అభిరుచి పెరగాలి కదా.”