మహారాణి గారి బుక్కు పోయిన సంగతి

పోయిన కాగితం కోసం ఇల్లంతా తిరగేసే మొగుళ్ళను మీరు చూసే ఉంటారు. భద్రంగా ఉన్న కాగితాన్ని పోగొట్టడానికి నానా తంటాలు పడ్డ మొగుణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నారు. కుర్చీ కాస్త ఇటు లాక్కోండి, చెబుతాను.

మా ఇంటి పక్క షెడ్డులో ఒక పాత కారు ఉండేది. గుండ్రటి దీపాలు, నున్నటి వీపు, లోపల సోఫాల్లాంటి సీట్లు. నేను దాన్ని మహారాణి అనేవాణ్ణి. మా ఆవిడ మంచం అనేది. రెండూ నిజమే. ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఆగాలో అదే నిర్ణయించుకునేది కాబట్టి మహారాణి. ఇక మంచం అంటారా, మధ్యాహ్నం భోజనం కాగానే నేను పేపరు పట్టుకుని వెనక సీట్లోకి చేరేవాణ్ణి. రెండో పేజీకి వెళ్ళేలోపు పేపరే నా మొహాన్ని కప్పి నన్ను చదివేది.

మా ఆవిడ ఇంట్లో కుట్టు నేర్పుతుంది. మొదట్లో ఒకరిద్దరు వచ్చేవాళ్ళు. పోనుపోను ముందు గది నిండిపోయి, మిషన్లు హాల్లోకి పాకి, హాల్లోంచి పడగ్గది గుమ్మం దాకా వచ్చాయి. నేను తీరిగ్గా సోఫాలో కూర్చుంటే ఎవరో ఒకరు నా భుజం మీద కొలతటేపు వేసి, మళ్ళీ తీసుకోవడం మరిచిపోయేవాళ్ళు. కొత్తగా చేరతామని వచ్చేవాళ్ళను చోటు లేదని తిప్పి పంపాల్సి వచ్చేది. అలా పంపిన ప్రతిసారీ మా ఆవిడ చూపు కిటికీలోంచి షెడ్డు మీదికి పోయేది.

ఆ చూపు నాకు కనిపించకపోలేదు. నాది కళ్ళజోళ్ళ దుకాణం. ఎదుటివాళ్ళకు కనిపించేలా చేయడం నా వృత్తి, నాకు కనిపించనట్టు ఉండడం నా సంసారం.

ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసు నా చేతికిస్తూ మా ఆవిడ విషయం చెప్పింది.

"ఏమండీ, కారు చూడ్డానికి కెప్టెన్‌గారు వస్తానన్నారు."

"ఏ కారు?"

"మనకి ఎన్ని కార్లున్నాయేంటి?"

"మహారాణినా?"

"మంచాన్నే. షెడ్డు ఖాళీ అయితే క్లాసు అక్కడికి మార్చేస్తా. మీ సోఫా మీకు దక్కుతుంది."

కెప్టెన్‌గారంటే ఓడలు నడిపి నడిపి విశ్రాంతి తీసుకున్న పెద్దమనిషి. సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ కారెక్కలేకపోయానన్న కసి కొద్దీ ఇప్పుడు పాత కార్లు పోగేస్తున్నాడు. ఆయన చెల్లెలు మా ఆవిడ దగ్గర జాకెట్లు కుట్టడం నేర్చుకుంటోంది. బేరం ఆ దారిన వచ్చింది.

అమ్మను అనాలని నోటిదాకా వచ్చింది. ఎందుకమ్మరు అని ఆవిడ అడుగుతుంది. పడుకోవడానికి అని చెప్పలేను కదా. కాఫీ ఊదుకుంటూ తాగాను.

"ఆయన అడిగింది ఒక్కటే," అంది మా ఆవిడ. "రిజిస్ట్రేషన్ బుక్కు ఉండాలట. బుక్కు లేని బండి ఎంత ముద్దొచ్చినా ముట్టుకోరట."

నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆవిడ మిషన్ మీద కూర్చోగానే బీరువా తెరిచి, అడుగు అరలోంచి బుక్కు తీసి చొక్కా లోపల పెట్టుకుని దుకాణానికి నడిచాను. తెరిచి చూడనైనా చూడలేదు. దొంగతనం చేసేవాడు చదువుతూ కూర్చోడు.

దుకాణంలో ఎక్కడ దాచాలి? సొరుగులన్నీ ఉపకారం కెలుకుతాడు. ఉపకారం అంటే మా బావమరిది. వాడికి వేరే పేరుంది గానీ ఎవరూ వాడరు. ఎవరైనా సాయం అడిగితే చేస్తాడు, అడగకపోతే ఇంకా ఎక్కువ చేస్తాడు. నేను మధ్యాహ్నం ఇంటికి వెళ్ళినప్పుడు దుకాణం చూసుకునేది వాడే.

అటూ ఇటూ చూస్తే కళ్ళు పరీక్ష చేసే అక్షరాల బోర్డు కనిపించింది. గాజు ఫ్రేము కట్టిన పాత బోర్డు. దాని వెనక, గోడకీ ఫ్రేముకీ మధ్య బుక్కు దూర్చాను. ఊళ్ళో అందరూ కళ్ళు చికిలించి మరీ చూసే బోర్డు వెనక ఏముందో ఎవడు చూస్తాడు అనుకుంటే నా తెలివికి నాకే ముచ్చటేసింది.

మధ్యాహ్నం ఇంటికెళ్ళి మొహం వేలాడేసుకున్నాను.

"బుక్కు కనబడడం లేదోయ్. బీరువా అంతా వెతికాను."

"పోయిందా?"

"పోయినట్టే ఉంది."

"నిజంగా పోయిందా, ఎక్కడన్నా పెట్టి మర్చిపోయారా?"

"పోయింది. ఖాయంగా పోయింది."

"సరే," అంది.

అంతే. గొడవ లేదు, వెతుకులాట లేదు. పెళ్ళయిన వాళ్ళకు ఆ 'సరే' గురించి నేను చెప్పక్కర్లేదు. కానీ ఆ రోజు నాకది తీయగా వినిపించింది. మహారాణి వెనక సీట్లో కాళ్ళు బారజాపి హాయిగా నిద్రపోయాను.

మర్నాటి నుంచి దుకాణంలో చిన్న చిక్కు మొదలైంది. బుక్కు ఒక పక్కకు జారి బోర్డు కాస్త వాలింది. నేను గమనించలేదు. వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చుని, తల ఒక పక్కకు వంచి అక్షరాలు చదవడం మొదలుపెట్టారు. తల నిటారుగా పెట్టండి అని నేను సరిచేసేవాణ్ణి. నిటారుగా పెడితే అక్షరాలు వంకరగా ఉన్నాయనేవాళ్ళు. వంకర కూడా కంటి జబ్బేనేమోనని ఒకాయనకు అద్దాల మీద అద్దాలు మార్చి చూశాను.

"కళ్ళ సంగతి అటుంచండి," అన్నాడాయన లేస్తూ. "వచ్చేటప్పుడు లేని మెడనొప్పి ఇప్పుడు పట్టుకుంది."

ఇదంతా పక్కనుంచి ఉపకారం చూస్తున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆ వారం చివర్లో మా ఆవిడ బట్టలు మడతపెడుతూ, ఏమీ కానట్టుగా అంది.

"ఆదివారం పాతసామాన్లాయన వస్తున్నాడు. షెడ్డు ఖాళీ చేయిస్తున్నాను."

పాతసామాన్లాయన్ని నేనెరుగుదును. ఆయన దగ్గరికి వెళ్ళిన కారు తలుపొక చోట, తలకాయొక చోట తేలుతుంది. బుక్కు లేని కారును ఇంకెవరు కొంటారు? బుక్కు మాయం చేసింది నేనే. అంటే నా మహారాణిని రంపం కింద పడుకోబెట్టింది నేనే.

"కెప్టెన్‌గారు ఏమన్నారు?" అన్నాను.

"ఆయనదేముంది, బుక్కుంటే తీసుకుంటానన్నారుగా."

ఇక ఆలోచించలేదు. ముక్కలు కావడం కంటే కెప్టెన్‌గారింట్లో దర్జాగా ఉండడం నయం. అప్పుడప్పుడూ వెళ్ళి చూసుకోవచ్చు, మనిషి మంచివాడైతే వెనక సీట్లో కాసేపు కూర్చోనివ్వవచ్చు కూడా. బుక్కు తెచ్చి, పాత డబ్బాలో దొరికిందని చెబుదామని దుకాణానికి పరుగెత్తాను.

లోపల ఉపకారం చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నాడు. గోడ మీద కొత్త బోర్డు, లోపల లైట్లతో ధగధగా వెలుగుతోంది.

"ఎలా ఉంది బావా?"

"పాతది ఏది?"

"వంకరగా ఉందని జనం మెడలు పట్టుకుంటున్నారు బావా. నువ్వు చెప్పలేకపోతున్నావని నేనే మార్చేశాను."

"పాతది ఏదిరా?"

"గాజు పగిలింది. బయట పెడితే చెత్తబండి వాళ్ళు తీసుకుపోయారు. వెనకాల ఏదో పుస్తకం కూడా ఉంది, ఫ్రేము వంకర కాకుండా నువ్వు ఆనించావనుకుని దాంతోపాటే వేసేశాను."

వాణ్ణి తిట్టడానికి లేదు. తిడితే పుస్తకం అక్కడెందుకుందో చెప్పాలి. "బాగుంది," అన్నాను. "చాలా వెలుగుగా ఉంది." వాడి మొహం ఇంకా వెలిగింది.

సాయంత్రం దాకా ఊరి బయట చెత్త పోసే చోట తిరిగాను. పగిలిన ఫ్రేములు బోలెడు కనిపించాయి. ఒకదాంట్లో ఎవరిదో పెళ్ళి ఫోటో ఉంది. ఆ పెళ్ళికొడుకు నన్ను జాలిగా చూసినట్టనిపించింది.

మర్నాడు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. బుక్కు పోయిందని వాళ్ళు రాసిస్తే, రిజిస్ట్రేషన్ ఆఫీసు వాళ్ళు నకలు ఇస్తారు. అక్కడ ఫిర్యాదులు రాసుకునే ఆవిడ కలం పట్టుకుని అడగడం మొదలుపెట్టింది.

"ఎక్కడ పోయింది?"

"దుకాణంలో."

"ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"దాచినప్పుడు."

"దొంగల భయమా?"

"దొంగలు కాదండీ. ఇంట్లోవాళ్ళు."

ఆవిడ కలం కింద పెట్టింది. "ఇంట్లోవాళ్ళకి కనబడకుండా దాస్తే దాన్ని పోవడం అనరండీ."

"మరేమంటారు?"

"దానికి మా దగ్గర కాలమ్ లేదు." పక్క బల్ల దగ్గర ఎవరో దగ్గినట్టు నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వకుండా కాగితం పూర్తిచేసి చేతిలో పెట్టింది. "ఈసారి నుంచి దాచే ముందు చెప్పి దాచండి."

ఆ కాగితం పట్టుకుని రిజిస్ట్రేషన్ ఆఫీసులో వరస కట్టాను. కిటికీ అవతలి గుమాస్తా నంబరు కొట్టి, తెర మీదికి వంగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అది మా దుకాణం జోడే.

"ఈ బండికి డూప్లికేట్ ఇచ్చేశాం కదండీ."

"ఎవరికి?"

"ఓనరుకి."

"ఓనరు నేనే."

"కాదండీ. ఇక్కడ ఆడవాళ్ళ పేరుంది. ఆవిడే స్వయంగా వచ్చి, సంతకం పెట్టి తీసుకెళ్ళారు."

అతను చదివిన పేరు మా ఆవిడది.

అప్పుడు గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తలో కొన్న కారది. ఆ రోజుల్లో మా ఆవిణ్ణి మెప్పించాలన్న ఉబలాటం నాకు మెండుగా ఉండేది. కారు నీ పేరు మీదే రాయించాను అని అత్తగారి తరఫు బంధువులందరి ఎదుటా ప్రకటించాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్ళలో నాకు చప్పట్లు మాత్రమే గుర్తున్నాయి.

ఇంటికొచ్చి బుద్ధిగా కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నాను. అడగాలంటే ఆఫీసుకు ఎందుకు వెళ్ళానో చెప్పాలి. అది చెప్పాలంటే బోర్డు దగ్గర మొదలుపెట్టాలి. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "ఏంటండీ, చొక్కాకి చెత్త వాసన వస్తోంది," అంది.

ఆదివారం కెప్టెన్‌గారు వచ్చారు. కారు చుట్టూ రెండు మూడు సార్లు తిరిగి, తలుపు మీద చెయ్యి పెట్టి, ఓడను నిమిరినట్టు నిమిరారు. మా ఆవిడ లోపలి నుంచి కొత్త బుక్కు తెచ్చి బల్ల మీద పెట్టింది. అమ్మేవాళ్ళ సంతకం ఆవిడ చేసింది. కొనేవాళ్ళ సంతకం ఆయన చేశారు.

"సాక్షి కావాలి," అన్నారు కెప్టెన్‌గారు.

"మావారున్నారుగా," అంది మా ఆవిడ కలం నా వైపు జరిపి.

చేశాను.

"స్టార్ట్ చేసే కిటుకు మీకే తెలుసట కదా. కాస్త బయటికి తీసిపెడతారా?" అన్నారాయన.

నాలో ఒక చిన్న ఆశ మొలిచింది. మహారాణి ఏనాడూ మొదటి తాళానికి లేవలేదు. బతిమాలాలి, బానెట్ తట్టాలి, కాసేపు అలిగి కూర్చోవాలి. ఇవాళ అస్సలు కదలకపోతే బేరం చెడుతుంది. సీట్లో కూర్చుని, కదలకమ్మా అని మనసులోనే దణ్ణం పెట్టుకుని తాళం తిప్పాను.

వెంటనే లేచింది. దగ్గు లేదు, తుమ్ము లేదు. నన్ను కూర్చోబెట్టుకుని గుమ్మం దాటి, రోడ్డు మీద కెప్టెన్‌గారి కాళ్ళ దగ్గర వినయంగా ఆగింది. ఆయన్ని ఎక్కించుకుని ఆ విశ్వాసఘాతకురాలు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఇంతలో పాతసామాన్లాయన తోపుడుబండితో దిగాడు. షెడ్డులో మిగిలిన టైర్లు, డబ్బాలు, విరిగిన మడతకుర్చీ ఎత్తుకెళ్ళాడు. మా ఆవిడ చెప్పింది చెప్పినట్టే జరిగింది. షెడ్డు ఖాళీ చేయిస్తానంది గానీ కారు కోయిస్తానని ఏనాడూ అనలేదు.

సాయంత్రం ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఏం తెలిసింది?"

"అదే. బుక్కు సంగతి."

"మీరే చెప్పారుగా, పోయిందని."

"చెప్పాననుకో…"

"నిజంగా పోయిందా అని కూడా అడిగాను. ఖాయంగా పోయిందన్నారు. పోతే డూప్లికేట్ తెచ్చుకోవాలి కదా, మర్నాడే స్టేషన్‌లో రాయించి, ఆఫీసులో అర్జీ పెట్టి తెచ్చుకున్నాను." ఊడిన గుండీ కుడుతూ దారం పుటుక్కున తెంపింది. "ఏం, మొగుడి మాట నమ్మడం కూడా తప్పేనా?"



ఇప్పుడు షెడ్డుకు సున్నం వేశారు, కిటికీ పెట్టారు. వరసగా మిషన్లు, మిషన్ల ముందు ఆడవాళ్ళు, ఒకటే కబుర్లు. ఇదివరకు తిరిగి వెళ్ళిపోయినవాళ్ళంతా వచ్చి చేరారు. మధ్యాహ్నం సోఫా నాదే, ఇల్లంతా నిశ్శబ్దమే. చిత్రమేమిటంటే ఆ నిశ్శబ్దంలో నాకు నిద్ర పట్టదు. పేపరు పట్టుకుని షెడ్డు గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంటున్నాను.

ఊరికే కూర్చోనిస్తారా? మా ఆవిడ వాళ్ళతో చెప్పిందట, మావారు కళ్ళజోళ్ళాయన, చూపు బ్రహ్మాండం అని. పేపరు తెరిచానో లేదో ఎవరో ఒకరు సూదీ దారం పట్టుకొస్తున్నారు.

"అన్నయ్యగారూ, కాస్త ఎక్కించి పెడతారా?"

ఎక్కిస్తున్నాను. ఏం చేయను, వచ్చినామెకు చూపు ఆనడం లేదని తెలిసి కూడా ఊరుకుంటే ఎలా? నిన్న ఒకామెకు దుకాణానికి రమ్మని చెప్పాను కూడా. మా ఆవిడ అది విని తలెత్తకుండానే అంది, గిరాకీ తీసుకొచ్చినందుకు నాకు కమిషన్ ఇవ్వాలండోయ్ అని.