లిఫ్ట్ మెకానిక్ దమ్ము

గంజాయిని తిట్టేవాళ్లకు కాపురం చేయడం రాదు. కాపురం చల్లగా ఉండాలంటే దాన్ని మించింది లేదు. ఎంత చల్లగా అంటారా? మా లిఫ్ట్ మెకానిక్ పడకగదిని చూస్తే ఫ్రిజ్ సిగ్గుపడుతుంది!

ఆయనకు రోజుకు మూడు దమ్ములు. పొద్దున డాబా మీద లిఫ్ట్ మోటారు గదిలో ఒకటి, భోజనం అయ్యాక ఒకటి, ఇంటికి బయల్దేరే ముందు ఒకటి. నేర్పినవాడు తోటి మెకానిక్. అందరూ దమ్మన్న అంటారు.

"దమ్ము కొడితేనే తమ్ముడూ, దమ్ము వచ్చేది," అన్నాడు దమ్మన్న.

పొగకూ మగతనానికీ ఒకే మాట ఉన్నప్పుడు ఇంక సైన్స్ దేనికి? మనవాడు భాషను నమ్మాడు.

లాభాలు చూడండి. గంజాయి తాగినవాడికి కాలం సాగుతుంది. రాత్రి పడకగదిలో గంట గడిచిందనుకుని ఆయన మీసం దువ్వుకునేవాడు. గోడ గడియారం మాత్రం నాలుగు నిమిషాలనేది. దానికి బ్యాటరీ మార్చాడు. రెండుసార్లు! రాన్రానూ ఆ నాలుగు నిమిషాలు కూడా నెలకో రెణ్ణెల్లకో అయ్యాయి. పగలంతా జనాన్ని పైకి పంపే మనిషి, ఇంటికొచ్చేసరికి అవుట్ ఆఫ్ సర్వీస్. ఇంకొకడైతే కంగారు పడేవాడు. ఈయన పడలేదు. అదే కదా గంజాయి గొప్పదనం?

నాలుగేళ్లయినా పిల్లలు లేరు. లోపం ఎవరిది? ఇదేం ప్రశ్నండీ, భార్యదే!

ఆవిడ కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. రక్తం తీశారు, స్కాన్లు తీశారు, పొట్ట మీద సూదులు పొడిచారు. ఫైలు లావెక్కి రబ్బరు బ్యాండ్ తెగింది. "మావాడికేం, ఇనుములాంటి మనిషి. నీలోనే ఏదో ఉందమ్మా," అని అత్తగారు తేల్చేశారు. అత్తగారు ఏ ల్యాబ్‌లో చూశారో తెలియదు.

మరి ఆయన ఫైలు? డాక్టరమ్మ చిన్న డబ్బా చేతికిచ్చి పరీక్షకు రమ్మన్న ప్రతిసారీ, ఎక్కడో లిఫ్ట్‌లో ఎవరో ఇరుక్కునేవారు. ఆ ఏడాది ఊరంతా లిఫ్టుల్లోనే ఉంది, పాపం.

చివరికి ఆవిడకు చిన్న కోత పెట్టి లోపల చూడాలన్నారు. తారీకు ఖాయమైంది. ఆ వారమే ఆయన ఎవరికీ చెప్పకుండా వేరే ల్యాబ్‌కు వెళ్లొచ్చాడు. రిపోర్టులో వీర్యకణాలు తక్కువ. ఉన్నవాటిలో సగం కదలడం లేదు. వాటికీ కంగారు లేదన్నమాట! కాగితం మడిచి పనిముట్ల సంచి అడుగున పెట్టేశాడు.

ఆపరేషన్ రోజు వచ్చింది. ఆకుపచ్చ గౌను, చేతికి సూది, మంచం అంచున ఆవిడ. పక్కన ఆయన.

"కోత చిన్నదేనట," అన్నాడు.

"నీ సంచిలో కాగితం చూశాను," అంది ఆవిడ.

ఆయన స్క్రూడ్రైవర్ కోసం వెతుకుతున్నట్టు జేబులు తడుముకున్నాడు.

"సన్న అక్షరాలు చదివించడమే కదా నా ఉద్యోగం. నేను మాత్రం చెప్పను. నువ్వు నోరు విప్పకపోతే వెళ్లి కోయించుకుంటాను. అంతే. దమ్ముంటే నువ్వే చెప్పు."

డాక్టరమ్మ లోపలికొచ్చింది. "ఏమైనా చెప్పాలా?"

జేబులో ఫోన్ మోగింది. ఎక్కడో నిజంగానే ఎవరో ఇరుక్కున్నట్టున్నారు. ఆయన ఫోన్ కట్టేశాడు. చెప్పాడు. ల్యాబ్ సంగతి, రోజుకు మూడు దమ్ముల సంగతి, అన్నీ.

డాక్టరమ్మ మొదట ఆవిడ చేతికున్న సూది తీయించింది. "దానివల్లే అని ఒట్టేయలేను. కావచ్చు. మూడు నెలలు పూర్తిగా మానేసి మళ్లీ పరీక్షకు రండి. అప్పటిదాకా ఈ అమ్మాయిని ఎవరూ ముట్టుకోరు."

చూశారా, గంజాయి లేకుండానే కాలం ఎలా సాగిందో? అదంతా చెప్పడానికి గోడ గడియారంలో పట్టింది రెండు నిమిషాలు. ఆయనకు గంట.

ఆవిడకు నాలుగేళ్లు.